రియోహా ద్రాక్షతోటల్లో సైకిల్ మీద ఆరు రోజులు: ఎలా తిరగాలి

ముందు పేర్లు పలకడం నేర్చుకుందాం. స్పానిష్‌లో 'జె' అక్షరాన్ని 'హ' అంటారు, 'హెచ్'ని అసలు పలకరు. కాబట్టి మనం రియోజా అని చదివేది రియోహా, నజేరా అని చదివేది నాహెరా. మనం బయల్దేరే ఊరిని హారో అని రాసినా అక్కడివాళ్ల నోట్లో అది 'ఆరో'. బస్సు డ్రైవర్ 'ఆరో, ఆరో' అని రెండుసార్లు కేకేసినా నేను కదలకుండా కూర్చున్నాను. పక్కసీటు పెద్దావిడ నా చేతిలో టికెట్ చూసి, భుజం తట్టి దింపింది.

రియోహా స్పెయిన్‌కి ఉత్తరాన, ఎబ్రో నదికి అటూ ఇటూ పరుచుకున్న ద్రాక్ష సీమ. ఉత్తరాన సియెర్రా కంతాబ్రియా కొండలు, దక్షిణాన దెమాండా పర్వతాలు. అట్లాంటిక్ వైపు నుంచి వచ్చే వానా చలీ చాలావరకు ఉత్తరపు కొండల దగ్గరే ఆగిపోతాయి. తిరుపతి లడ్డూకి, పోచంపల్లి ఇక్కత్‌కి ఉన్నట్టే ఇక్కడి వైన్‌కి భౌగోళిక గుర్తింపు ఉంది. అది వచ్చింది 1925లో. స్పెయిన్‌లో అంతకన్నా పై తరగతి గుర్తింపు ఒకటుంది, 1991లో అది మొదట దక్కింది కూడా దీనికే.

ఇక్కడ సైకిలే ఎందుకంటే ఊళ్లు దగ్గర దగ్గర. ఐదు నుంచి పదిహేను కిలోమీటర్లకో కొండ, కొండ మీద ఊరు, ఊరి మీద గోపురం. కారులో వెళితే పది నిమిషాల్లో దాటేస్తారు, నడిస్తే పూట పడుతుంది. మొత్తం చుట్టు 150 కిలోమీటర్ల పైచిలుకు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ ఉంది కదా, దాన్ని ఒక చివర నుంచి మరో చివరకి ఆయాసం లేకుండా తొక్కగలిగితే దూరం గురించి టెన్షన్ అక్కర్లేదు. ఎత్తుల సంగతి వేరు. వెళ్లే ముందు రెండు మూడు ఆదివారాలు వికారాబాద్ అనంతగిరి గుట్టల్లాంటి చోట ఎక్కి చూసుకోండి.

ఎప్పుడు వెళ్లాలి, ఏం సర్దుకోవాలి

మే, జూన్ నెలలు ఒకటి. సెప్టెంబర్ నుంచి అక్టోబర్ మొదటి వారాల దాకా ఇంకొకటి. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం 35 డిగ్రీలు దాటడం మామూలే. మనకి ఎండ కొత్త కాదనుకుంటాం గానీ, ద్రాక్షతోటల్లో నీడ ఉండదు, తీగలు పెద్ద ఎత్తు లేవవు. పాత తోటల్లోనైతే పందిరీ ఉండదు, పాకించడానికి కట్టిన ఇనుప తీగా ఉండదు. మొక్క ఒక మొద్దులా నిలబడి, చుట్టూ పొదలా గుబురుగా ఉంటుంది.

నన్నడిగితే సెప్టెంబర్ చివర. అప్పుడు కోతలు జరుగుతుంటాయి, ఆకు ఎర్రబడటం మొదలవుతుంది. రెండు ఇబ్బందులున్నాయి. గదులు దొరకవు, దొరికినా ధర ఎక్కువ, అందులోనూ సెప్టెంబర్ 21 చుట్టుపక్కల ఈ సీమ రాజధాని లొగ్రోన్యోలో సాన్ మతేయో పండగ. రెండోది, ట్రాలీల్లో గుత్తులు నింపుకుని వెళ్లే ట్రాక్టర్లు రోడ్డు మీద రసం కార్చుకుంటూ పోతాయి. మలుపుల్లో ఆ జిగురు మీద టైరు జారుతుంది, దాని మీద కందిరీగలు ముసురుతాయి. వంపుల్లో బ్రేకు ముందే వేసుకుని, మలుపు తిరిగేటప్పుడు వదిలేయండి.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి, చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కనీసం రెండు నెలల ముందు పని మొదలుపెట్టండి, వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం. 30,000 యూరోలకు తగ్గని ప్రయాణ బీమా తప్పనిసరి. ఆ బీమాలో సైకిల్ మీద పడి దెబ్బ తగిలితే వర్తిస్తుందో లేదో ఒకసారి చదువుకోండి, కొన్ని పాలసీలు దాన్ని సాహస క్రీడ కింద పెట్టి తప్పించుకుంటాయి. రోజువారీ ప్లాన్ అడుగుతారు కాబట్టి ఆరు రాత్రులకీ గదుల బుకింగ్ చూపించండి, రద్దు చేసుకునే వీలున్నవే తీసుకోండి. జర్మనీలోనో ఐర్లండ్‌లోనో ఉద్యోగం చేసే మనవాళ్లలో జర్మనీ పర్మిట్ ఉన్నవాళ్లకి ఈ గొడవ లేదు. ఐర్లండ్ షెంగెన్‌లో లేదు, అక్కడున్నవాళ్లకి వీసా కావాలి. చాలామంది ఇది చివరి నిమిషంలో తెలుసుకుంటారు.

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. గల్ఫ్ మీదుగానో జర్మనీ మీదుగానో స్పెయిన్ ఉత్తర తీరపు నగరం బిల్బావో చేరడం మేలు. అక్కడి నుంచి హారోకి బస్సులున్నాయి. బిల్బావో, లొగ్రోన్యోల మధ్య రైలు కూడా హారోలో ఆగుతుంది గానీ సర్వీసులు తక్కువ.

బట్టలు మూడు జతలు చాలు. సంచులు వీపుకి తగిలించుకోకండి, వెనక క్యారియర్‌కి రెండు వైపులా వేలాడేవి తీసుకోండి. మొత్తం బరువు ఎనిమిది కిలోలు దాటితే రెండో రోజు లగ్వార్దియా కొండ ఎక్కేటప్పుడు ఒక్కో వస్తువునీ పేరుపెట్టి తిట్టుకుంటారు. కారప్పొడి, కందిపొడి, పచ్చడి సీసా ఒకటి పట్టుకెళ్లండి. నెయ్యి మాత్రం ఇంట్లోనే వదిలేయండి, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి రానివ్వరు.

సైకిల్ అద్దెకి తీసుకునేటప్పుడు

సైకిల్ ఇక్కడి నుంచి మోసుకెళ్లాల్సిన పని లేదు, బిల్బావోలోనో లొగ్రోన్యోలోనో అద్దెకి దొరుకుతాయి. ముందే బుక్ చేసుకోండి. రేసు సైకిల్ వద్దు, దాని సన్నటి టైర్లు తోటల మధ్య మట్టిదారికి పనికిరావు. 35 నుంచి 40 మిల్లీమీటర్ల టైర్లు, చిన్న గేర్లు ఎక్కువగా ఉన్న హైబ్రిడ్ బండి అడగండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బ్యాటరీ సైకిల్ తీసుకోవడానికి మొహమాటపడొద్దు.

డబ్బు కట్టే ముందు అక్కడే ఒక రౌండు తొక్కండి. నాకిచ్చిన దానికి వెనక బ్రేక్ ప్యాడ్లు అరిగి ఇనుము తేలాయి, మొదటి దిగుడులో కీచుమన్నాక గానీ తెలియలేదు. షాపువాడికి ఫోన్ చేస్తే సియెస్తా, అంటే మధ్యాహ్నపు కునుకు వేళ, ఎవరూ ఎత్తలేదు. అందుకని ప్యాడ్లు చూడండి, సీటు ఎత్తు బిగించుకోండి, చక్రం తిప్పి వంకర ఉందేమో చూడండి, విడి ట్యూబులు రెండు, పంపు, టైరు విప్పే ప్లాస్టిక్ బద్దలు సంచిలో ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. పల్లెల్లో పంక్చర్ షాపు ఉండదు.

చట్టం, గ్లాసు, గాలి

ఈ మూడూ ఒకేచోట చెప్పడానికి కారణం ఉంది: రోజుకి ఎంత దూరం, ఏ వేళ, ఏ దిక్కుకి తొక్కాలో తేల్చేవి ఇవే.

స్పెయిన్‌లో ఊరి బయటి రోడ్ల మీద సైకిల్ తొక్కేవాళ్లకి హెల్మెట్ తప్పనిసరి. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే జరిమానా. చీకట్లో లైట్లు, మెరిసే జాకెట్ ఉండాలి. కార్లు మిమ్మల్ని దాటేటప్పుడు మీటరున్నర దూరం వదలాలి, నిజంగానే వదులుతారు. వెనకాల ఓ లారీ హారన్ కొట్టకుండా అర కిలోమీటరు నెమ్మదిగా వస్తుంటే మనవాళ్లకి భయమేస్తుంది. అతను దాటడానికి చోటు కోసం చూస్తున్నాడంతే.

అసలు సంగతి మద్యం. కారు నడిపేవాళ్లకున్న పరిమితే సైకిల్ వాళ్లకీ. ఊపిరిలో లీటరుకి 0.25 మిల్లీగ్రాములు దాటితే 500 యూరోలు, దానికి రెట్టింపు దాటితే 1,000 యూరోలు. వైనరీల మధ్య సైకిల్ మీద తిరగడం అంటే ఒక చోట రెండు గ్లాసులు, ఇంకో చోట రెండు గ్లాసులు అనుకునేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: తొక్కడం పొద్దున, తాగడం సైకిల్‌కి తాళం వేశాక. అందుకే ఈ ప్లాన్‌లో రోజువారీ దూరాలు కావాలనే తక్కువగా పెట్టాను. పొద్దున ఎనిమిదికి బయల్దేరితే మధ్యాహ్నానికి ఊరు చేరతారు, సాయంత్రం వైనరీకి నడిచి వెళ్తారు. తప్పక పొద్దునే రుచి చూడాల్సి వస్తే, పుక్కిలించి పక్కనున్న పాత్రలో ఉమ్మేయండి. అది అమర్యాద కాదు. రోజంతా వైన్ రుచి చూసే వృత్తివాళ్లంతా చేసేది అదే.

గాలి సంగతి చాలా గైడ్లలో ఉండదు. ఎబ్రో లోయలో వాయవ్యం నుంచి వీచే చల్లటి పొడిగాలిని సియెర్సో అంటారు. హారో నుంచి లొగ్రోన్యో వైపు, అంటే నది పారే దిక్కుకి తొక్కితే అది వీపు తడుతుంది. తిరుగు దారిలో ఎదురవుతుంది. అందుకని మొదటి మూడు రోజులు హాయిగా తూర్పుకి వెళ్లి, కాళ్లు అలవాటు పడ్డాక పడమర తిరుగుదాం. పడమరకి వెళ్లే రోజుల్లో తెల్లవారగానే బయల్దేరండి.

రోడ్ల విషయం: ఏపీ-68 మోటర్‌వే మీదకి సైకిళ్లని రానివ్వరు. ఎన్-232 మీద లారీలెక్కువ, మ్యాప్ అటు తీసుకెళ్లినా వినకండి. ఊళ్లని కలిపే చిన్న రోడ్లు, తోటల మధ్య ట్రాక్టర్ దారులు మనవి. వాన పడితే మాత్రం మట్టిదారిలో దిగకండి. సాన్ విసెంతె అనే ఊరు దాటాక ఒక రోజు దగ్గరి దారి కదా అని దిగాను. అక్కడి బంకమట్టి మన రేగడికి అన్నలాంటిది. ఇరవై గజాలు పోయేసరికి టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య గట్టిగా కూరుకుపోయి చక్రం తిరగడం మానేసింది. ఎండిన ద్రాక్ష కొమ్మ ఒకటి విరిచి గీకడం, పది అడుగులు నెట్టడం, మళ్లీ గీకడం. కిలోమీటరుకి గంట పట్టింది.

వైనరీలని బోదేగా అంటారు. చాలావాటికి ముందే ఆన్‌లైన్‌లో సమయం బుక్ చేసుకోవాలి, తలుపు తట్టి వెళ్తే కుదరదు. ఇంగ్లీషు టూర్ ఎప్పుడుందో చూసుకుని దాన్ని బట్టి రోజు కుదుర్చుకోండి. రోజుకి ఒకటి చాలు. మూడోదానికి వచ్చేసరికి అన్ని పీపాలూ ఒకేలా కనిపిస్తాయి.

మొదటి రోజు: హారో నుంచి సాన్ విసెంతె, సుమారు 15 కిలోమీటర్లు

బయల్దేరే ముందు రోజు సాయంత్రం హారో రైల్వే స్టేషన్ వీధికి నడిచి వెళ్లండి. పందొమ్మిదో శతాబ్దపు పేరుమోసిన బోదేగాలు ఇన్ని ఒకే చోట ఉండటానికి కారణం రైలే. 1860ల నుంచి ఫ్రాన్స్ ద్రాక్షతోటల్ని ఫిలోక్సెరా అనే వేరు పురుగు తినేస్తుంటే, బోర్డో వ్యాపారులు సరుకు కోసం కొండలు దాటి ఇటు వచ్చారు. ఇక్కడ పీపాలు నింపి, రైలెక్కించి, బిల్బావో రేవు నుంచి ఓడలో పంపేవాళ్లు. 225 లీటర్ల ఓక్ పీపాల్లో వైన్‌ని నిలవచేసే బోర్డో పద్ధతి ఇక్కడ వేళ్లూనుకోవడానికి కూడా ఆ రాకపోకలే కారణం. లోపెస్ దె ఎరెదియా 1877లో, కూనె 1879లో, లా రియోహా ఆల్తా 1890లో మొదలయ్యాయి. అప్పట్లో హారో ఎంత డబ్బున్న ఊరంటే, స్పెయిన్‌లో మొట్టమొదట వీధి దీపాలకి కరెంటు వచ్చిన పట్టణాల్లో ఇదొకటి. కొన్నాళ్లకి ఆ పురుగు ఇక్కడికీ వచ్చింది, అది వేరే కథ.

శాకాహారులు బోదేగాలో ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: వైన్‌ని దేంతో తేరుస్తారు? మూగా అనే బోదేగా లాంటి చోట్ల ఇప్పటికీ పాత పద్ధతిలో కోడిగుడ్ల తెల్లసొన వాడతారు. సొన మడ్డిని పట్టుకుని అడుగుకి దిగిపోతుంది, పైన తేటది మిగులుతుంది. గుడ్డు తినని ఇంటివాళ్లకి ఇది తెలియాల్సిన విషయమే.

మర్నాడు పొద్దున బ్రియోనెస్ వైపు. గుట్ట మీద తేనెరంగు రాతి ఇళ్ల ఊరు. కింద వివాంకో వైన్ మ్యూజియం ఉంది, 2004లో తెరిచారు. రెండు గంటలు పెట్టుకోండి. వేలకొద్దీ బిరడా తీసే మరలు ఒకే గదిలో వరసగా పేర్చారు, చూస్తే నవ్వొస్తుంది. అక్కడి నుంచి ఎబ్రో మీదకి దిగి, పాత రాతి వంతెన దాటి సాన్ విసెంతె దె లా సోన్సియెర్రా. ఆఖరి కిలోమీటరు ఎక్కుడు, దిగి నెట్టుకుంటూ వెళ్లినా ఎవరూ ఏమనుకోరు. కోట ముందు గోడ మీద కూర్చుంటే నది మెలికలు, రెండు గట్ల తోటలు మొత్తం కనిపిస్తాయి.

జూన్ 29న హారోలో ఉంటే ప్లాన్ మార్చుకోండి. ఆ రోజు ఊరికి ఉత్తరాన బిలీబియో కొండ దగ్గర వైన్ యుద్ధం జరుగుతుంది. తెల్లబట్టలేసుకుని వెళ్లి, బకెట్లతో, పిచికారీలతో ఎర్ర వైన్ పోసుకుంటారు. మన హోలీకి దూరపు చుట్టం. అద్దె సైకిల్‌ని మాత్రం అక్కడికి తీసుకెళ్లకండి.

రెండో రోజు: లగ్వార్దియా, సుమారు 16 కిలోమీటర్లు

ఆబలోస్, సమనియేగో మీదుగా రోడ్డు కొండల పాదం వెంట పైకీ కిందకీ ఊగుతూ పోతుంది. తొందరపడకండి, ఆగి చూడాల్సినవి రోడ్డు పక్కనే ఉన్నాయి. ఒకటి, తోటల్లో రాళ్లు పేర్చి గుమ్మటంలా కట్టిన చిన్న గుడిసెలు. కాపలావాళ్లు ఎండకీ వడగళ్లకీ తలదాచుకునేవి. మన పొలాల్లో మంచె ఎలాగో ఇది అలాగ, కాకపోతే మట్టిని అంటుకుని ఉంటుంది. రెండోది, బండలో తొలిచిన తొట్లు. మధ్యయుగాల్లో రైతులు గుత్తుల్ని కోసినచోటే అందులో వేసి కాళ్లతో తొక్కేవాళ్లు. వేలు పెట్టి చూడండి, పెద్ద తొట్టి నుంచి చిన్న గుంటలోకి రసం జారడానికి చెక్కిన కాలువ ఇంకా నున్నగానే తగులుతుంది.

లగ్వార్దియా ప్రాకారం ఉన్న కొండ మీది ఊరు, సముద్రమట్టానికి 600 మీటర్ల పైన. చివరి రెండు కిలోమీటర్లకి చిన్న గేరు వేసుకుని, పక్కకి చూడకుండా తొక్కండి. ఊళ్లోకి కార్లు రానివ్వరు. ఎందుకంటే ఊరి అడుగున ఊరంతా గుహలే. ఇళ్ల కింద తవ్విన ఈ నేలమాళిగలు మొదట దాక్కోవడానికి, తప్పించుకోవడానికి. తర్వాత వైన్ దాచడానికి. బరువైన బండి పైన వెళ్తే కింద కూలుతుందని భయం.

అలాంటి ఒక మాళిగలోకి తప్పకుండా దిగండి. మెట్లు ఇరుకు, గోడ చేతికి తడిగా తగులుతుంది. పైన ముప్పై డిగ్రీలుంటే కింద స్వెట్టర్ కావాలనిపిస్తుంది. గోడల మీద బూడిదరంగు బూజు దూదిలా పట్టి ఉంటుంది, దాన్ని ఎవరూ తుడవరు. తేమ ఎక్కువా తక్కువా కాకుండా చూస్తుందని నాకు చూపించినాయన చెప్పాడు. పీపా మీద చెవి పెట్టమన్నాడు. కొత్త వైన్ ఇంకా సన్నగా చిటపటలాడుతోంది, పొంగడానికి సిద్ధంగా ఉన్న ఇడ్లీపిండి మీద బుడగలు పగిలినట్టు.

అక్కడే సీసా మీద లేబుల్ చదవడం నేర్చుకోండి, కొనేటప్పుడు మోసపోరు. ఎర్ర వైన్‌లో క్రియాన్సా అంటే రెండేళ్లు నిలవచేసింది, అందులో కనీసం ఏడాది ఓక్ పీపాలో. రెసెర్వా మూడేళ్లు. గ్రాన్ రెసెర్వా ఐదేళ్లు, అందులో రెండేళ్లు పీపాలో, రెండేళ్లు సీసాలో. ఖరీదైనదే మీకు నచ్చుతుందని లేదు. నాకైతే మామూలు క్రియాన్సా, దానికో మేకపాల జున్ను ముక్క ఉంటే చాలు. ఎక్కువగా వాడే ద్రాక్ష పేరు తెంప్రానియో. 'తెంప్రానో' అంటే తొందరగా అని. మిగతా రకాలకన్నా ముందే పండుతుంది.

సాయంత్రం సాంతా మరియా దె లోస్ రెయెస్ చర్చి ద్వారం చూడండి. పద్నాలుగో శతాబ్దపు రాతి శిల్పాలకి పదిహేడో శతాబ్దంలో వేసిన రంగులు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ద్వారం ఆరుబయట కాకుండా లోపల కప్పు కింద ఉండటమే దాన్ని కాపాడింది. గైడుతోనే లోపలికి వెళ్లనిస్తారు, టూరిజం ఆఫీసులో వేళ కనుక్కోండి.

మూడో రోజు: ఎల్సియేగో మీదుగా లొగ్రోన్యో, సుమారు 30 కిలోమీటర్లు

దిగుడుతో మొదలయ్యే రోజు. ఊరు దాటుతూనే ఉత్తరం వైపు చూస్తే, కొండల ముందు అలలా వంగిన కప్పుతో ఇసియోస్ బోదేగా కనిపిస్తుంది, ఆర్కిటెక్ట్ సాంతియాగో కలత్రావా కట్టింది. ఎల్సియేగోలో ఇంకో వింత. 1858లో మొదలైన మార్కెస్ దె రిస్కల్ బోదేగా ఆవరణలో ఇంకో ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెరీ కట్టిన హోటల్, 2006లో తెరిచారు. గులాబీ, బంగారు, వెండి రంగుల లోహపు రేకులు రిబ్బన్లలా చుట్టుకుని ఉంటాయి. ఇది గొప్పగా ఉందనేవాళ్లూ ఉన్నారు, చర్చి పక్కన మిఠాయి పొట్లం విప్పి పడేసినట్టుందనేవాళ్లూ ఉన్నారు. నేను రెండో జట్టు. చూడటానికి మాత్రం ఊరి బయటి రోడ్డు మీద నుంచే బాగుంటుంది, ఉచితం కూడా.

నది దాటి లొగ్రోన్యో చేరాక సైకిల్ గదిలో పెట్టేసి, నిద్రపోండి. ఇక్కడ భోజనం వేళలు మనకి తలకిందులు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా తింటారు, రాత్రి తొమ్మిది దాకా పొయ్యి వెలగదు. రెండింటికీ ఐదింటికీ మధ్య అంగళ్లు మూసేస్తారు. పల్లెల్లో ఈ లెక్క తప్పితే ఆకలితో ఉండాల్సిందే, కాబట్టి సంచిలో రొట్టె, అరటిపళ్లు ఎప్పుడూ ఉంచుకోండి. నీళ్లకి ఇబ్బంది లేదు, ఊరి నడిమధ్య కుళాయి ఉంటుంది. దాని మీద 'నో పోతబ్లె' అని రాసి ఉంటే తాగకూడదు.

రాత్రి లౌరెల్ వీధి. చిన్న సందు, పక్కపక్కనే బార్లు, ఒక్కో బారుకి ఒక్కో వంటకం పేరు. ఒక చోట ఒక గ్లాసు, ఒక చిన్న ప్లేటు తిని పక్కదానికి పోవాలి. కూర్చుని మెనూ అడిగితే వింతగా చూస్తారు. పెనం మీద వెల్లుల్లి నూనెలో వేయించిన పుట్టగొడుగులు ఒకదాని మీద ఒకటి మూడు పేర్చి, రొట్టెముక్క మీద గుచ్చి ఇస్తారు. పైన చిన్న రొయ్య ఉంటుంది, శాకాహారులు 'సిన్ గాంబా', అంటే రొయ్య లేకుండా, అనాలి. మాంసం తిననివాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. 'పతాతాస్ ఆ లా రియోహానా' అంటే బంగాళాదుంపల కూరే గానీ అందులో చొరీసో అనే పంది సాసేజ్ ఉంటుంది. ఎర్ర చిక్కుడు గింజల పులుసులోనూ అంతే. 'మాంసం లేకుండా' అంటే సరిపోదు, వాళ్ల లెక్కలో పంది ముక్క రుచి కోసం వేసేది. 'సిన్ హమోన్, సిన్ చొరీసో' అని పేరుపెట్టి చెప్పండి, హమోన్ అంటే ఉప్పులో ఊరవేసిన పంది తొడ మాంసం. కాల్చిన పికీయో మిరపకాయలు, తెల్ల ఆస్పరాగస్, గుడ్డు తినేవాళ్లకి తోర్తీయా అనే బంగాళాదుంప ఆమ్లెట్, వీటితో కడుపు నిండుతుంది. కారం మాత్రం ఉండదు. పొడి డబ్బా జేబులో పెట్టుకెళ్లమన్నది ఇందుకే.

నాలుగో రోజు: నాహెరా, సుమారు 29 కిలోమీటర్లు

ఇక్కడి నుంచి మనం స్పెయిన్ వాయవ్య మూలనున్న సాంతియాగో నగరపు చర్చికి నడిచి వెళ్లే యాత్రికుల దారిలో ఉంటాం. పసుపు బాణాలు, గవ్వ గుర్తులు చూసుకుంటూ పోతే చాలు. లొగ్రోన్యో నుంచి గ్రహేరా చెరువు దాకా దారి నున్నగా ఉంటుంది గానీ అది నడిచేవాళ్లది కూడా. వీపున మూటతో నడిచే పెద్దవాళ్ల వెనక నుంచి దూసుకుపోకండి. దూరం నుంచే గంట కొట్టి, పక్కకి వచ్చాక 'బ్వేన్ కమీనో', అంటే శుభయాత్ర, అనండి. నవరెతె కుండల ఊరు, కాఫీకి ఆగండి.

నాహెరా ఒకప్పుడు నవర్రా రాజుల రాజధాని. ఎర్రటి కొండకి ఆనుకుని ఉన్న సాంతా మరియా లా రెయాల్ మఠాన్ని 1052లో గార్సియా రాజు కట్టించాడు. వేటలో తన డేగ వెంట వెళ్లిన రాజుకి గుహలో మరియమ్మ విగ్రహం కనిపించిందని కథ. ఆ గుహ ఇప్పటికీ చర్చి లోపలే ఉంది, దాని ముందు రాజుల సమాధులు వరసగా ఉంటాయి. సోమవారం మూసి ఉండే చోట్లు చాలా ఉంటాయి కాబట్టి ఈ రోజు సోమవారం కాకుండా చూసుకోండి.

ఐదో రోజు: సాన్ మియాన్ మీదుగా సాంతో దొమింగో, 40 కిలోమీటర్లు

ఆరు రోజుల్లోకీ కష్టమైనది ఇదే, నాకు బాగా నచ్చిందీ ఇదే. నాహెరా నుంచి బదరాన్, బెర్సెయో మీదుగా రోడ్డు నెమ్మదిగా ఎక్కుతూ కొండల్లోకి పోతుంది. తోటలు తగ్గి ఓక్ చెట్లు మొదలవుతాయి. ఏడున్నరకల్లా కదలండి.

సాన్ మియాన్ దె లా కొగోయాలో రెండు మఠాలు. కొండ మీది పాతది సూసో, లోయలోది యూసో. 1997లో రెండింటినీ కలిపి యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. సూసోకి సొంత బండ్లు వెళ్లనివ్వరు, యూసో దగ్గర చిన్న బస్సెక్కాలి. సీట్లు తక్కువ, వేళకి టికెట్ ముందే తీసుకోండి. తాళం వేసిన సైకిల్ కిందే వదిలేయండి.

వెయ్యేళ్ల కిందట ఇక్కడి సన్యాసి ఒకరు లాటిన్ పుస్తకం చదువుతూ, అర్థంకాని మాటల పక్కన, అంచుల్లో, తను రోజూ మాట్లాడే భాషలో అర్థాలు రాసుకున్నాడు. కొన్ని బాస్క్ భాషలో కూడా. సంస్కృత శ్లోకం పక్కన తాతగారు పెన్సిల్‌తో తెలుగు తాత్పర్యం రాసుకున్నట్టు. వాడుక భాష రాతలోకి వచ్చిన తొలి ఆనవాళ్లలో ఒకటిగా స్పెయిన్‌వాళ్లు ఈ రాతల్ని నెత్తిన పెట్టుకుంటారు. అసలు ప్రతి ఇప్పుడు మాద్రిద్‌లో ఉంది. ఇక్కడ మీరు చూసేది దాని నకలు. పక్క ఊరు బెర్సెయోలో పదమూడో శతాబ్దంలో గొన్సాలో అనే కవి ఉండేవాడు. పేరు తెలిసిన స్పానిష్ కవుల్లో మొదటివాడు. తన పద్యానికి ఒక గ్లాసు మంచి వైన్ ఇస్తే సరిపోతుందని రాసుకున్నాడు.

అక్కడి నుంచి కాన్యాస్ మీదుగా వెళ్లండి. ఆ ఊరి మఠంలో కిటికీలకి గాజు బదులు పాలరాయిలాంటి పలచని అలబాస్టర్ పలకలు బిగించారు, మధ్యాహ్నపు వెలుతురు పాలలా లోపలికి దిగుతుంది. ఇక ఎదురుగాలిలో చివరి పది కిలోమీటర్లు తలవంచుకుని తొక్కడమే.

సాంతో దొమింగో దె లా కల్సాదా పేరులో 'కల్సాదా' అంటే రాళ్లు పరిచిన రోడ్డు. పదకొండో శతాబ్దంలో దొమింగో అనే సన్యాసి యాత్రికుల కోసం అడవి నరికి రోడ్డు వేశాడు, ఓహా నది మీద వంతెన కట్టాడు, సత్రం పెట్టాడు. స్పెయిన్‌లో సివిల్ ఇంజినీర్లు ఇప్పటికీ ఆయన్ని తమ రక్షక దైవంగా కొలుస్తారు. గోదావరి జిల్లాల్లో కాటన్ దొరకి దండ వేసే మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆయన సమాధి ఉన్న కెతీడ్రల్‌లో, గోడకి ఎత్తున కట్టిన గూటిలో, బతికున్న కోడిపుంజూ పెట్టా ఉంటాయి. దీని వెనక కథ ఇది: దొంగతనం నెపంతో ఉరితీసిన యాత్రికుడు బతికే ఉన్నాడని అమ్మానాన్నా వచ్చి చెబితే, భోజనానికి కూర్చున్న అధికారి 'నా పళ్లెంలో కోడి ఎంత బతికుందో వాడూ అంతే' అన్నాడట. వెంటనే కాల్చిన కోడి లేచి కూసిందట. మీరున్నప్పుడు పుంజు కూస్తే అదృష్టం అంటారు. నేనున్న ముప్పావు గంటా అది ఒంటికాలి మీద నిలబడి నిద్రపోయింది.

ఆరో రోజు: తిరిగి హారో, 20 కిలోమీటర్లు

1916 నుంచి 1964 దాకా హారోకీ ఎస్కరాయ్‌కీ మధ్య ఒక చిన్న రైలు నడిచేది. పట్టాలు తీసేసి ఆ దారిని సైకిళ్లకీ నడిచేవాళ్లకీ వదిలేశారు. సాంతో దొమింగో నుంచి ఓహా నది వెంట కసలరేయినా దాకా ఆ దారి పట్టుకోండి. రైలు కోసం వేసింది కాబట్టి ఎక్కడా నిటారు ఎక్కుడు ఉండదు, పైగా మొత్తం మీద దిగుడే. కసలరేయినా నుంచి మామూలు రోడ్డు.

హారో చేరాక సీసాలు కొనుక్కోండి, అంతకుముందు కొనకండి. నిండు సీసా ఒక్కోటి కిలో పావు పైనే తూగుతుంది. భారత్‌లోకి మనిషికి రెండు లీటర్ల వరకు సుంకం లేదు, అంటే రెండు సీసాలు, మనసు లాగితే మరో సగం సైజుది. చేతి సంచిలో విమానం ఎక్కనివ్వరు, చెక్-ఇన్ పెట్టెలో నడుమ పెట్టాలి. ఆరు రోజులు తొడిగిన మేజోళ్లు ఉంటాయి కదా, ఒక్కో సీసాకి రెండేసి తొడిగి, పైన ప్లాస్టిక్ సంచి చుట్టి, మెడ దగ్గర రబ్బరు బ్యాండు వేయండి. మడత పెట్టిన రెయిన్‌కోటు కింద ఒకటి, పైన తువ్వాలు.

సైకిల్ అప్పగించడానికి తీసుకెళ్లే ముందే టైర్లకి అంటిన మట్టి కడిగేయండి. స్టేషన్ వీధి చివర కుళాయి ఉంది.